చవక బీమా కూలిన వేసవి

1966 జులైలో బ్రిటన్‌లో దాదాపు నాలుగు లక్షల మంది కార్లున్నవాళ్లు ఉన్నట్టుండి బీమా లేనివాళ్లయ్యారు. బండి అదే, రోడ్డు అదే, జేబులో మడిచి పెట్టుకున్న సర్టిఫికెట్టూ అదే. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన కంపెనీ మాత్రం కుప్పకూలింది. దాని పేరు ఫైర్, ఆటో అండ్ మెరైన్. 1963లో లండన్‌లో పుట్టింది. పేరున్న కంపెనీలు అడిగే దానికంటే బాగా తక్కువకే కారు బీమా ఇస్తామంది. జనం ఎగబడి కొన్నారు. మూడేళ్లు దాటీ దాటగానే పోయింది.

దాన్ని నడిపినవాడు ఎమిల్ సవుంద్రా. 1923లో సిలోన్‌లో పుట్టిన తమిళుడు. అసలు పేరు చివర సవుంద్రనాయగం అని ఉంటుంది, లండన్ కోసం దాన్ని కత్తిరించుకున్నాడు. మనలాంటి రంగు, మన పక్క సముద్రం. పరాయి దేశంలో కాలు పెట్టి, ఆ దేశపు దొరల క్లబ్బుల్లోకి, పడవ పందేల్లోకి, హాంప్‌స్టెడ్ దగ్గరి పెద్ద భవంతిలోకి నడిచి వెళ్లినవాడు. అతని పతనం గురించి ఇంగ్లిష్‌లో చాలా రాశారు. ఆ రాతల్లో అతనే కథానాయకుడు. నాకు మాత్రం అతని కంటే అతని కాగితం కొన్నవాళ్లే ఎక్కువ గుర్తుకొస్తారు.

ఎందుకంటే నేనుండేది సాతంరాయిలో. బెంగళూరు హైవే మీద గగన్‌పహాడ్ దాటాక, శంషాబాద్ ఇంకా రాకముందు తగిలే ఊరు. 2008 మార్చి 23న ఇక్కడికి దగ్గర్లో విమానాలు దిగడం మొదలైనప్పటి నుంచి ఈ రోడ్డుకు రాత్రి అనేది లేదు. అర్ధరాత్రి దాటాక ఎయిర్‌పోర్టు వైపు పోయే కార్లు చూస్తే చాలు, ఏ కారులో ఎవరున్నారో చెప్పొచ్చు. డిక్కీ మూత పడనంత సామాను, వెనక సీటులో ఇరుక్కుని నలుగురు, ముందు సీటులో కొత్త చొక్కా వేసుకున్న ఒక్క పిల్లవాడు. డల్లాస్‌కో, న్యూజెర్సీకో, లీడ్స్‌కో, మెల్‌బోర్న్‌కో. ఆ పిల్లలు వెళ్లిన ఆరో నెలలోనో, ఏడాదికో ఫోన్ చేసి అడిగేది ఒకటుంటుంది. కారు కొన్నాడు. ఇన్సూరెన్స్ కారుతో సమానంగా పిండుతోంది. సస్తాలో ఏది దొరుకుతుంది?

ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు 1966 గుర్తుకొస్తుంది.

అప్పటి బ్రిటన్‌కు మనవాళ్లు వెళ్లడం అప్పుడప్పుడే పెరుగుతోంది. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో, గుంటూరులో, ఉస్మానియాలో చదివిన డాక్టర్లు అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేరుతున్న కాలమది. పంజాబు నుంచి, గుజరాత్ నుంచి, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు ఫ్యాక్టరీల్లో, బస్సుల్లో, ఫౌండ్రీల్లో పనిచేస్తున్నారు. నాలుగు డబ్బులు చేతికొస్తే ఎవరైనా ముందు కొనేది ఒక సెకండ్‌హ్యాండ్ కారు. కారు కొంటే బీమా తప్పదు. ఎదుటివాడికి దెబ్బ తగిలితే కట్టించే బీమా లేకుండా బండి నడపడం 1930 నాటి చట్టం నుంచే అక్కడ నేరం.

బీమా కోసం వెళితే ఏం జరిగేదో 1967 ఏప్రిల్‌లో అచ్చయిన ఒక నివేదికలో ఉంది. పొలిటికల్ అండ్ ఎకనామిక్ ప్లానింగ్ అనే పరిశోధన సంస్థ ఇంగ్లండ్‌లో జాతి వివక్ష మీద చేసిన అధ్యయనం అది. అన్ని విధాలా సమానంగా ఉన్న ముగ్గుర్ని పంపించి చూశారు. ఒకరు ఇంగ్లిష్‌వాడు, ఒకరు తెల్లతోలున్న పరదేశి, ఒకరు నల్లవాడో ఆసియావాడో. ఇల్లు అద్దెకు అడిగించారు, ఉద్యోగం అడిగించారు, కారు బీమా కూడా అడిగించారు. రంగున్నవాడికి కొన్నిచోట్ల పాలసీ ఇవ్వబోమన్నారు. ఇచ్చినచోట ఎక్కువ అడిగారు. అతని డ్రైవింగ్‌లో లోపమేమీ లేదు. అతను కొత్తవాడు, అంతే. ఆ నివేదిక బయటికొచ్చాకే 1968లో జాతి సంబంధాల చట్టాన్ని ఇళ్లకు, ఉద్యోగాలకు, బీమా లాంటి సేవలకు విస్తరించారు.

అంటే 1963లో, 64లో, 65లో బీమాకు అలాంటి చట్టం లేదు. పెద్ద కంపెనీ గుమాస్తా ఫారం వెనక్కి తోస్తే చేసేదేమీ లేదు. తలుపు మూసినచోట మనిషి ఎంతసేపు నిలబడతాడు? తెరిచిన తలుపు ఎక్కడుందో వెతుక్కుంటాడు. కుర్రవాళ్లు, పాత బండ్లవాళ్లు, కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లు, ఊరికి కొత్తవాళ్లు చవక కంపెనీ గడప తొక్కేది అలాగే. చవక వెతుక్కోవడం వాళ్ల తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. ఖరీదైనదాన్ని వాళ్లకు అందకుండా చేసినవాళ్లున్నారు. నేరాన్ని వెతకాల్సింది అక్కడ.

సవుంద్రా ఎలాంటివాడో కంపెనీ పెట్టేనాటికే చాలామందికి తెలుసు. 1954లో బెల్జియంలో బియ్యం బేరం పేరుతో ఒక బ్యాంకును ముంచినందుకు జైలు శిక్ష పడింది. ఆరోగ్యం బాగాలేదని త్వరగానే వదిలేశారు. ఆ తర్వాత ఘనాలో గనుల వ్యవహారమొకటి నడిపి, అక్కడి నుంచి గెంటించుకున్నాడు. అలాంటి మనిషి లండన్‌లో బీమా కంపెనీ ఎలా పెట్టగలిగాడు? అప్పటి చట్టం ప్రకారం యాభై వేల పౌండ్ల మూలధనం చూపిస్తే ఎవరైనా బీమా వ్యాపారం మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టేవాడు ఎవడు, అతని గతం ఏమిటి అని అడిగి ఆపే అధికారం అక్కడి వాణిజ్య శాఖ అయిన బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కు లేదు. లక్షల మంది డబ్బు తీసుకోబోయేవాణ్ణి ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

బీమా వ్యాపారంలో డబ్బు ముందొస్తుంది, ఖర్చు వెనకొస్తుంది. ప్రీమియం ఇవాళ కడతారు. గుద్దుకోవడం ఆరు నెలలకో, ఎనిమిది నెలలకో జరుగుతుంది. ఎవరిది తప్పు, ఎంత ఇవ్వాలి అన్నది తేలడానికి ఏళ్లు పడుతుంది. ఈ మధ్యకాలమంతా కంపెనీ పెట్టె నిండుగానే కనిపిస్తుంది. రేపు వేరేవాళ్లకు ఇవ్వాల్సిన సొమ్ము ఇవాళ్టి లాభంలా మెరుస్తుంది. మనవైపు చిట్టీలు వేసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మొదటి నెలల్లో చిట్టీ నడిపేవాడు ఎప్పుడూ దర్జాగానే ఉంటాడు. చివరి పాటలు వచ్చేసరికి కదా తెలిసేది.

ఫైర్, ఆటో అండ్ మెరైన్ ప్రీమియం తక్కువ పెట్టింది, కాబట్టి జనం ఎక్కువ వచ్చారు. ఎక్కువ మంది వచ్చారు కాబట్టి నగదు వరదలా వచ్చింది. పాత క్లెయిములకు కొత్తవాళ్ల ప్రీమియంలు వాడుకుంటూ కొంతకాలం నడవొచ్చు. కానీ ఆ నగదు అక్కడ ఆగలేదు. ఆల్ప్స్ కొండల నడుమ లీచ్టెన్‌స్టైన్ అనే బుల్లి దేశంలో సవుంద్రా చేతికింద ఒక ఆర్థిక సంస్థ ఉంది. పాలసీదారుల డబ్బు అటు మళ్లింది. కంపెనీకి ఆస్తులున్నాయని చూపడానికి లెక్కల్లో రాసుకున్న లక్షల పౌండ్ల ప్రభుత్వ సెక్యూరిటీలు నకిలీవని తర్వాత బయటపడింది. కంపెనీ కూలడానికి కొద్దివారాల ముందు అతను దాన్ని అమ్మేసి, పదవి వదిలి, ఆరోగ్యం బాగాలేదంటూ దేశం దాటాడు. నిజంగానే అతనికి మధుమేహం ఉంది, గుండె జబ్బూ ఉంది. ఆ జబ్బు ఎప్పుడు ముదరాలో మాత్రం అతనికి బాగా తెలుసు.

కూలిన మరునాడు ఏమై ఉంటుందో ఆలోచించాను. రాత్రి డ్యూటీకి కారేసుకుని వెళ్లాల్సిన మనిషి వాకిట్లో నిలబడి ఉంటాడు. కారు తీస్తే నేరం. తీయకపోతే పని పోతుంది. కొత్త పాలసీ కొందామంటే ఏడాది ప్రీమియం అప్పుడే ఒకసారి కట్టి ఉన్నాడు, మళ్లీ కట్టడానికి చేతిలో లేదు. కట్టగలిగినా, అతనికి పాలసీ ఇస్తామన్నది ఆ ఒక్క కంపెనీయే.

అంతకంటే ఘోరమైన స్థితి ఇంకొందరిది. అప్పటికే ప్రమాదం జరిగి, క్లెయిము పెట్టుకుని, చెక్కు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు వాళ్లు. రోడ్డు మీద నడిచిపోయే మనిషిని బీమా లేని బండి గుద్దితే ఆదుకోవడానికి బ్రిటన్‌లో 1946 నుంచి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో అనే ఏర్పాటు ఉంది. బీమా కంపెనీలన్నీ కలిసి దానికి డబ్బు కడతాయి. కానీ చట్టం తప్పనిసరి చేసిన నష్టాల వరకే దాని చెయ్యి చాపేది. కారులో పక్క సీటులో కూర్చున్న మనిషికి బీమా అప్పటి చట్టంలో తప్పనిసరి కాదు. అది 1972 చివర్లో గాని రాలేదు. ఎదుటివాడి కారుకు, గోడకు జరిగిన నష్టానికైతే 1988 చివరిదాకా లేదు. ఇక సొంత బండి మాటే లేదు. భర్త పక్కన కూర్చుని ప్రయాణించి కాలు పోగొట్టుకున్న భార్యకు, మిత్రుడి బండిలో వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నవాడి ఇంటివాళ్లకు ఆ చవక పాలసీ ఒక్కటే దిక్కు. ఆ దిక్కే పోయింది.

వాళ్లలో కొందరు 1967 ఫిబ్రవరి 3న సవుంద్రాను ఎదురెదురుగా చూశారు. డేవిడ్ ఫ్రాస్ట్ అప్పట్లో పేరు మోసిన టీవీ వ్యాఖ్యాత. సవుంద్రా ధైర్యంగా బ్రిటన్‌కు తిరిగొచ్చి, ఫ్రాస్ట్ కార్యక్రమానికి ఒప్పుకున్నాడు. స్టూడియోలో ప్రేక్షకుల వరసల్లో మోసపోయినవాళ్లున్నారు, భర్తను పోగొట్టుకున్న స్త్రీలున్నారు. వాళ్లు లేచి అడుగుతుంటే అతను వాళ్లను మొరటు రైతులన్నట్టు తీసిపారేశాడు. తాను వచ్చింది ఫ్రాస్ట్ లాంటి గొప్పవాడితో తలపడడానికని, ఇలాంటివాళ్లతో కాదని అన్నాడు. కంపెనీ అమ్మేశాక తనకు చట్టపరంగా గాని, నైతికంగా గాని ఏ బాధ్యతా లేదన్నాడు. ఫ్రాస్ట్ ముఖం ఎర్రబడింది. దేశమంతా చూసింది.

ఆ కార్యక్రమాన్ని టెలివిజన్ చరిత్రలో గొప్ప ఘట్టమని చెప్పుకుంటారు. తర్వాత అప్పీలు కోర్టు మాత్రం దాన్ని గట్టిగా తప్పుపట్టింది, విచారణ జరగాల్సింది కోర్టులో గాని టీవీలో కాదని న్యాయమూర్తి సాల్మన్ మందలించారు. రెండూ నిజమే. నాకు మాత్రం ఆ ఆడవాళ్లు మనసులోంచి పోరు. వాళ్లు అడిగింది డబ్బు ఒక్కటే కాదు. మా మనిషి పోయాడు, నువ్వు మా దగ్గర సొమ్ము తీసుకున్నావు, ఒక్క మాటైనా అను అన్నారు. ఆ ఒక్క మాటా వాళ్లకు దక్కలేదు.

కార్యక్రమం అయిన కొద్దిరోజులకే అరెస్టు చేశారు. 1968 మార్చిలో ఓల్డ్ బెయిలీ కోర్టు అతనికి ఎనిమిదేళ్ల జైలు, యాభై వేల పౌండ్ల జరిమానా వేసింది. భాగస్వామి స్టూవర్ట్ వాకర్‌కు అయిదేళ్లు. అప్పీలు కొట్టేశారు. 1974లో విడుదలయ్యాడు, 1976 డిసెంబర్‌లో చనిపోయాడు. యాభై మూడేళ్లు. భవంతి లేదు, పడవలు లేవు. అతని చావు పట్ల నాకు కోపమూ లేదు, తృప్తీ లేదు. తెలివి, చొరవ, మాటకారితనం అన్నీ ఉన్న ఒక దక్షిణాసియా మనిషి పరాయిగడ్డ మీద ఎక్కగలిగినంత ఎత్తు ఎక్కి, ఎక్కిన ప్రతి మెట్టూ ఇంకొకడి వీపు మీద వేశాడు. బాధపడాల్సింది ఆ వీపుల గురించి.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వస్తాను.

సాతంరాయిలో పెరిగిన పిల్లవాడికి బీమా అంటే ఏం తెలుసు? బండికి కాగితం ఉండాలని తెలుసు. పోలీసు ఆపితే చూపించాలని తెలుసు. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం కంపెనీ ఇష్టం కాదు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో పెట్టిన రేటు ప్రకారం 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు ఉన్న సొంత కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. ఆ కారు నడిపేది నలభై ఏళ్ల అనుభవమున్న డాక్టరైనా, నిన్న లైసెన్స్ వచ్చిన కుర్రవాడైనా అంతే. ధర ఇంజన్ సైజును బట్టి, మనిషిని బట్టి కాదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. మన దేశంలో ఆ చిన్న మొత్తానికే ఎదుటి మనిషి ప్రాణానికి, గాయాలకు పరిమితి లేని రక్షణ వస్తుంది. ట్రిబ్యునల్ ఎన్ని లక్షలు తేలిస్తే అన్ని లక్షలు బీమా కంపెనీ కట్టాలి. మన చట్టంలో ఇంత గట్టి ఏర్పాటు ఉందని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

సొంత బండికి రక్షణ అంటే ఏమిటో మాత్రం ఇక్కడివాళ్లకు ఒక రాత్రి నేర్పింది. 2020 అక్టోబర్ 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగింది. నీళ్లు హైవే మీదికి వచ్చి కార్లను అగ్గిపెట్టెల్లా తోసుకుపోయాయి. మనుషులు పోయారు. తెల్లారాక బురదలో ముక్కు దించి నిలబడ్డ కార్ల దగ్గర వాటి యజమానులు ఫోన్లు పట్టుకుని తిరిగారు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాడికి ఏదో ఒక దారి దొరికింది. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాడికి ఆ బురదే మిగిలింది.

ఈ అనుభవాలు మూటగట్టుకుని పిల్లవాడు డల్లాస్‌లో దిగుతాడు. అక్కడ ధర మనిషిని బట్టి. వయసు, ఉండే వీధి పిన్‌కోడ్, ఎన్నేళ్లుగా నడుపుతున్నావు, ఇదివరకు బీమా ఉందా, అప్పులు తీర్చిన చరిత్ర ఎలా ఉంది. చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ చరిత్రను కూడా లెక్కలోకి తీసుకుంటారు, కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయి లాంటి కొన్ని మాత్రమే ఒప్పుకోవు. ఇక్కడ పదేళ్లు గీత పడకుండా నడిపినా అక్కడి కంప్యూటర్‌కు అతను నిన్న పుట్టినవాడే. 1966 నాటి గుమాస్తా ముఖం చూసి చెప్పిన మాటనే ఇప్పుడు స్క్రీన్ మీద అంకె చెబుతుంది. ఇందులో రంగు ప్రసక్తి లేదు, చట్టం ఒప్పుకోదు. కొత్తవాడు కట్టాల్సింది మాత్రం ఎక్కువే.

మా వీధిలో ఒకామె కొడుకు టెక్సస్‌లో చదువుతున్నాడు. మొన్నీమధ్య ఆమె ఫోన్ పట్టుకుని వచ్చి, "అన్నా, నా కొడుకు కార్ కొన్నడు, ఇన్సూరెన్స్ కాగితం పంపిండు, మీరొకసారి చూడరాదే" అంది. వీడియో కాల్‌లో పిల్లవాడు నవ్వుతున్నాడు. "చూసినవా అంకుల్, అందరికంటే సస్తా పట్టిన. నా రూమ్మేటు దీనికి డబుల్ కడుతుండు" అన్నాడు. కాగితం మొదటి పేజీ తెరిచాను. డిక్లరేషన్స్ పేజీ అంటారు దాన్ని, పాలసీ సారమంతా అందులోనే ఉంటుంది. మొదటి వరసలో 30, 60, 25 అని ఉంది. టెక్సస్ చట్టం ఒప్పుకునే కనీసం అది. నీ వల్ల గాయపడ్డ ఒక్కొక్కరికి 30 వేల డాలర్ల వరకు, ఆ ప్రమాదంలో ఎందరున్నా మొత్తం 60 వేల వరకు, ఎదుటివాడి ఆస్తికి 25 వేల వరకు. ఆపైన ఒక్క డాలరు కూడా కంపెనీ కట్టదు. మిగతాది నడిపినవాడి నెత్తిన.

ఇది చెప్పేసరికి వాడి నవ్వు ఆగింది. "పరిమితి ఉంటదా అంకుల్? మన దగ్గర ఉండదు కద?" అన్నాడు. తెలివైన పిల్లవాడు, ఇంజనీరు. వాడికి ఇది ఎవరూ చెప్పలేదు. హైవే మీద ముందున్న కొత్త పికప్ ట్రక్కును వెనక నుంచి కొడితే 25 వేలు చాలకపోవచ్చు. అందులో ఇద్దరు ఆస్పత్రిలో చేరితే 60 వేలు ఎన్ని రోజులకు సరిపోతాయో అమెరికా ఆస్పత్రి బిల్లు ఒక్కసారి చూసినవాళ్లకు తెలుసు.

రెండో పేజీ చూస్తే ఇంకో రెండు వరసల్లో రిజెక్టెడ్ అని ఉంది. బీమా లేనివాడు నిన్ను గుద్దితే నీకు వచ్చేది ఒకటి, తప్పెవరిదైనా నీ వైద్యం ఖర్చుకు వచ్చేది ఇంకొకటి. టెక్సస్ చట్టం ప్రకారం ఈ రెండూ ప్రతి పాలసీలో ఉండాల్సిందే, వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దని సంతకం పెట్టాలి. వాడు పెట్టాడు. ఎప్పుడు పెట్టాడో వాడికే గుర్తులేదు. ఫోన్‌లో వేలితో నాలుగుచోట్ల గీయమంటే గీశాడు. ఆ చవక అంతా ఆ నాలుగు గీతల్లోంచి వచ్చింది. వాళ్లమ్మకు ఈ మాటలేవీ అర్థం కాలేదు గాని కొడుకు ముఖం మారడం చూసి, "ఎంతయితే అంత కట్టు బిడ్డా, పైసలు నేను పంపుత" అంది. ఆమె శంషాబాద్‌లో కుట్టుపని చేస్తుంది.

వాడు ఆ రాత్రే కవరేజి పెంచుకున్నాడు. నెలకు పెరిగింది వాడు భయపడినంత లేదు. చాలాసార్లు అంతే. కనీసం దగ్గర్నుంచి ఒక మెట్టు పైకి వెళితే రక్షణ పెరిగినంతగా ధర పెరగదు. డిడక్టిబుల్, అంటే సొంత బండి నష్టంలో ముందుగా మనమే భరించే మొత్తం, కాస్త ఎక్కువ పెట్టుకోవచ్చు, ఆరు నెలలది ఒకేసారి కట్టొచ్చు, రూమ్మేట్లు ఎవరెవరు కారు తీస్తారో దాచకుండా రాస్తే రేపు క్లెయిము తిప్పికొట్టడానికి వాళ్లకు సాకు దొరకదు. ధర తగ్గించుకోవాల్సింది ఇలాంటిచోట. ఎదుటి మనిషి ప్రాణానికి పెట్టిన అంకె దగ్గర కాదు.

బ్రిటన్ వెళ్లినవాళ్ల దారి వేరు. అక్కడ ఎదుటి మనిషి గాయాలకు పరిమితి లేదు, చట్టం గట్టిది. ఆ మేరకు 1966 కంటే ఎంతో నయం. కానీ ఇండియా లైసెన్స్ మీద ఏడాది పాటు నడపొచ్చు గదా అని వెళ్లినవాడికి కొటేషన్ చూడగానే కళ్లు తిరుగుతాయి. ఆ కళ్లు తిరిగిన క్షణం కోసమే కాచుకుని ఉంటారు ఘోస్ట్ బ్రోకర్లు. వాట్సాప్ గ్రూపులో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఒక్కోసారి మన భాషలోనే పలకరిస్తారు. సగం ధరకు పాలసీ ఇప్పిస్తామంటారు. కొందరు కాగితమే నకిలీది తయారుచేస్తారు. కొందరు నిజమైన కంపెనీలోనే తీస్తారు గాని వయసు, చిరునామా, వృత్తి అబద్ధం రాస్తారు. ఇంకొందరు తీసిన వారానికే రద్దు చేసి రీఫండ్ జేబులో వేసుకుంటారు. పోలీసు ఆపిన రోజునో, ప్రమాదం జరిగిన రోజునో గాని తెలియదు. బండి జప్తు, లైసెన్స్ మీద పాయింట్లు. కారు నంబరు కొట్టి బీమా ఉందో లేదో చూసుకునే సౌకర్యం అక్కడి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో ఆన్‌లైన్‌లో పెట్టింది. మన దగ్గర ఎం-పరివాహన్ యాప్‌లో చూసినట్టే. డబ్బు కట్టిన వారం రోజులకు ఒకసారి చూసుకుంటే చాలు. దాన్ని చూసుకోమని కొత్తగా దిగిన పిల్లలకు చెప్పే పెద్ద దిక్కు లేకపోవడమే నా బాధ.

సవుంద్రాతో ఆ దేశం మేలుకుందా అంటే, కొంత మేలుకుంది. 1967 కంపెనీల చట్టంలో బీమా వ్యాపారానికి ముందుగా అనుమతి తీసుకోవాలని పెట్టారు, నడిపేవాళ్లు యోగ్యులో కాదో చూడాలన్నారు. నాలుగేళ్లు తిరగకుండానే 1971 మార్చి 1న వెహికల్ అండ్ జనరల్ కంపెనీ కూలింది. జాగ్రత్తగా నడిపేవాళ్లకు తక్కువ ధర అని ప్రచారం చేసుకుని, మధ్యతరగతి ఇళ్లలో పేరు తెచ్చుకున్న కంపెనీ అది. ఈసారి రోడ్డున పడ్డవాళ్లు అంతకు రెండింతలు పైనే. దొంగతనం కంటే అసలు లోపం లెక్కల్లో ఉంది. ప్రీమియం తక్కువ, క్లెయిముల కోసం పక్కన పెట్టింది ఇంకా తక్కువ. అనుమానాలు ఏళ్ల తరబడి ప్రభుత్వ శాఖ బల్లల మీదే ఉన్నాయని, కదలాల్సినవాళ్లు సమయానికి కదల్లేదని 1972లో విచారణ ట్రిబ్యునల్ తేల్చింది.

ఆ తర్వాత గాని 1975లో పాలసీదారుల రక్షణ చట్టం రాలేదు. బీమా కంపెనీ మునిగితే మిగతా కంపెనీలు కట్టిన నిధి నుంచి దాని పాలసీదారుల్ని ఆదుకునే చట్టం. తప్పనిసరి బీమా అయితే పూర్తిగా, మిగతాదానికి ఎక్కువ భాగం. ఇవాళ లీడ్స్‌లోనో, కోవెంట్రీలోనో పాలసీ కొనే మన పిల్లవాడి వెనక ఉన్న ఏర్పాటుకు మూలం అది. అమెరికా రాష్ట్రాల్లోనూ అలాంటి గ్యారంటీ నిధులున్నాయి. మన దగ్గరైతే బీమా కంపెనీల ఊపిరి కొలిచే ఐఆర్‌డీఏఐ ఆఫీసు నానక్‌రామ్‌గూడలోనే ఉంది, సాతంరాయి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అరగంట ముప్పావుగంట దారి. కంపెనీ ఉంచుకోవాల్సిన కనీస మిగులుకు ఒకటిన్నర రెట్లు ఎప్పుడూ చేతిలో ఉండాలని అది పెట్టిన నియమం.

1975 చట్టాన్ని వెనక్కి వర్తింపజేయలేదు. ఫైర్, ఆటో అండ్ మెరైన్ సర్టిఫికెట్ దాచుకున్నవాళ్లకు గాని, ఫ్రాస్ట్ స్టూడియోలో లేచి నిలబడి అడిగిన ఆ స్త్రీలకు గాని దాని కింద ఒక్క పౌండు కూడా రాలేదు.